కూత ఉన్నవాడికి కేసు లేదు

“వాడికి తాగబోసింది మీరు. కారు తాళం చేతిలో పెట్టింది మీరు. పద నాయనా అని భుజం తట్టి రోడ్డు మీదికి తోలింది మీరు. ఇప్పుడు మీరే కమిటీ అయి కూర్చున్నారు. కాస్తయినా సిగ్గుండాలి.”

తవిటమ్మ టీచరు ఈ మాట అన్నది కొత్తగెడ్డ మునిసిపల్ ఆఫీసు హాల్లో. ఎదురుగా ముగ్గురు పెద్దమనుషులు జీడిపప్పు పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయన కమిటీ అధ్యక్షుడు మార్తాండరావు గారు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాక ఊళ్ళో ఏ కమిటీ వేసినా దానికి అధ్యక్షుడయ్యే మనిషి. ఆయనకి కుడిపక్క ట్రాఫిక్ సి.ఐ. వీర్రాజు. ఎడమపక్క కబడ్డీ సంఘం కార్యదర్శి కామేశం. కామేశం జన్మలో కబడ్డీ ఆడలేదు గానీ, ఆడి గెలిచినవాళ్ళందరి పక్కనా నిలబడి ఫొటోలు దిగాడు.

“మీ ఆవేదన నమోదైంది తవిటమ్మ గారూ,” అన్నారు మార్తాండరావు గారు. పక్కనున్న గుమాస్తా నిజంగానే “ఆవేదన” అని రాసి కింద గీత కొట్టాడు.

ఇంతకీ జరిగిందేమిటంటే, తవిటమ్మ జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు టీచరు. ఊళ్ళో గౌరీశు అనే కుర్రాడికి కూత నేర్పింది ఆవిడే. ఒక్క ఊపిరి మీద కబడ్డీ కబడ్డీ అంటూ అవతలి జట్టు గడిలోకి దూకాలి, ఎవర్నో ఒకర్ని ముట్టుకోవాలి, ఊపిరి తెగకుండా నడిమి గీతకి తిరిగి రావాలి. అదీ కూత. మధ్యలో తెగిందా, అవుటు, బయటికెళ్ళి కూర్చోవడమే. గౌరీశు కూత ఎంత పొడుగంటే, వాడు మొదలుపెట్టాక చూసేవాళ్ళకి ఆయాసం వచ్చేది. ఆ కూతతోనే వాడు దేశం తరఫున ఆడాడు, బంగారు పతకం తెచ్చాడు.

ఊరు ఊరుకుంటుందా? పొద్దున్న ఊరేగింపు. బడి రోడ్డు మొదట్లో స్వాగత ద్వారం, దాని మీద గౌరీశు తొడ కొడుతున్న ఫ్లెక్సీ. మధ్యాహ్నం సన్మానం. శాలువాలు ఎన్ని కప్పారంటే కుర్రాడు కనబడటం మానేశాడు. ఒక కాంట్రాక్టరు కొత్త కారు బహుమతి ఇచ్చాడు. సన్మానం తరవాత గెస్టు హౌసులో విందు. విందులో ఎవరెవరు గ్లాసు నింపారో అందరికీ తెలుసు, వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు జీడిపప్పు తింటున్నారు. దీపాలు పెట్టే వేళకి గౌరీశు కొత్త కారెక్కాడు. తన ఫ్లెక్సీని తనే గుద్దాడు, తన బొమ్మ తనే చించుకుని అవతలికి వచ్చాడు, బడి గేటు పక్కనున్న బంగారమ్మ పకోడీల బండిని ఈడ్చుకుపోయి గోడకి కొట్టాడు. బండి తుక్కయింది. బంగారమ్మ కాలు విరిగింది.

అప్పుడే తవిటమ్మ ఆడపిల్లల జట్టు ఆట ముగించుకుని గేటు దాటుతోంది. ఆ పిల్లలకీ ఆ కారుకీ మధ్యన ఉన్నది ఒక్క పకోడీల బండి. అది లేకపోతే ఈ కథ ఇలా నవ్వుతూ చెప్పుకునే కథ కాదు.

మర్నాటి సాయంత్రం మైదానానికి ఒక్క పిల్లా రాలేదు. తవిటమ్మ ఇంటింటికీ వెళ్ళింది. అన్నిచోట్లా ఒకటే జవాబు. “రోడ్డు బాగుపడనీ టీచరమ్మా, అప్పుడు పంపుతాం.” రోడ్డు బాగుపడటమంటే గుంతలు పూడ్చడం కాదు. తాగి బండెక్కినవాడికి శిక్ష పడుతుందని ఊరు నమ్మాలి. ఊరు నమ్మాలంటే మొదటి శిక్ష గౌరీశుకే పడాలి. తన శిష్యుడైనా సరే. శిష్యుడు కాబట్టే. తవిటమ్మ ఆ హాల్లోకి వచ్చింది అందుకు.

నిజానికి అది చిన్న కేసు. గౌరీశు కారు దిగి, పోలీసు మిషన్లోకి వాడంతట వాడే ఊదాడు. అంకె హద్దు దాటి ఎక్కడికో పోయింది. “తాగేను సార్, రాసుకోండి,” అని కూడా అన్నాడు. రాసుకుని కోర్టుకి పంపితే అయిపోయేది. కానీ పతకం తెచ్చినవాడు దోషి అయితే పొద్దున్న ఊరేగించినవాళ్ళ సంగతేమిటి? అందుకని కుర్రాడి నేరం పక్కన పెట్టి, చట్టంలో లోపం ఎక్కడుందో వెతకడానికి కమిటీ వేశారు.

లోపం కనిపెట్టినవాడు కామేశం.

“మామూలు మనిషి ఊపిరి ఎంత? గ్లాసుడు. మా గౌరీశు ఊపిరి ఎంత? బిందెడు. బిందెడు గాలి ఊదినవాడికి గ్లాసుడు గాలి లెక్క కడితే అంకె పెరగదా మరి? పెరిగింది మందు కాదండీ, ఊపిరి.”

“పిండి గరిటెడున్నా గంగాళమున్నా, ఉప్పెక్కువైతే ఎక్కువేనండీ,” అంది తవిటమ్మ.

“వంట ఉదాహరణలు శాస్త్రీయం కావు మేడం,” అన్నాడు కామేశం.

సి.ఐ. వీర్రాజు గొంతు సవరించుకున్నాడు. “సదరు క్రీడాకారుని శ్వాస అసాధారణ పరిమాణంలో ఉన్నందున, సదరు పరికరం అయోమయానికి లోనై ఉండవచ్చునని ప్రాథమికంగా భావించవచ్చు.”

“మిషను అయోమయపడింది. కుర్రాడు బాగానే ఉన్నాడు. అంతేనా?”

“దర్యాప్తు ఆ దిశగా సాగుతోంది.”

మార్తాండరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడిస్తే ఊరికి కొత్త విధానం వస్తుంది.

“చట్టాన్ని మనం ముట్టుకోం,” అన్నారు. “ముట్టుకునే అధికారం మనకి లేదు. అన్వయిస్తాం. చట్టం ఉద్దేశం ఏమిటి? వాహన చోదకుడు తన స్వాధీనంలో తాను ఉండాలి. ఊపిరి మీద స్వాధీనం ఉన్నవాడికి స్టీరింగు మీద ఉండదా? కనుక మిషన్ అనే యాంత్రిక పద్ధతి స్థానంలో, మన మట్టిలో పుట్టిన పద్ధతి ఒకటి ప్రవేశపెడదాం. తనిఖీ స్థలంలో గడి గీస్తారు. చోదకుడు దిగి కూత పెడతాడు. గడిలోని నిఘా సిబ్బందిలో ఒకరిని ముట్టుకుని, ఊపిరి తెగకుండా గీతకి వస్తే పూర్తి స్వాధీనంలో ఉన్నట్లు ధ్రువీకరించి పంపించడం. రాలేకపోతే కేసు.”

తవిటమ్మ ఒక అడుగు ముందుకి వేసింది.

“ఒక్క గౌరీశుని తప్పించడానికి ఊళ్ళో తాగుబోతులందరి చేతా కబడ్డీ ఆడిస్తారా?”

“ఒక్కడికి మినహాయింపు ఇస్తే అది పక్షపాతం తవిటమ్మ గారూ. అందరికీ ఇస్తే విధానం.”

“నా పిల్లలు ఆ రోడ్డు దాటాలి సార్.”

“నమోదైంది,” అన్నారాయన. గుమాస్తా రాసుకున్నాడు.

సరిగ్గా బడి గేటు ముందర, బంగారమ్మ బండి ఉండే చోటికి నాలుగడుగుల దూరంలో తారు రోడ్డు మీద సున్నంతో గడి గీశారు. ఇటొక గీత, అటొక గీత, మధ్యన నడిమి గీత. గడిలో కానిస్టేబుళ్ళు చేతులు చాచి నిలబడ్డారు. పాపం వాళ్ళు పరిగెత్తక ఏళ్ళయింది. బెల్టు పైన పొట్ట, పొట్ట పైన చేతులు. ముట్టుకోవడానికి ఇంతకంటే వీలైన మనుషులు జిల్లాలో దొరకరు.

మొదటి సాయంత్రం బియ్యం మిల్లు యజమాని ఒకాయన జీపు దిగాడు. దిగుతూనే జీపు పట్టుకుని నిలబడ్డాడు. “ఏటి సెయ్యాలి?” అన్నాడు. చెప్పారు. ఆయన పంచె ఎగ్గట్టి, కళ్ళు మూసుకుని, కబడ్డీ కబడ్డీ అంటూ ముందుకి ఒరిగాడు. ఒరిగిన చోట కానిస్టేబులు ఉన్నాడు. అతని మీద పడి, అతన్నే ఆసరా చేసుకుని వెనక్కి తిరిగి, గీత దాటి బోర్లా పడ్డాడు. కూత తెగలేదు. పడ్డాక కూడా కబడ్డీ అంటూనే ఉన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు లేపి, దులిపి, స్టీరింగు ముందు కూర్చోబెట్టి, దణ్ణం పెట్టి పంపారు.

ఆ తరవాత పెళ్ళి మేళం వ్యాను వచ్చింది. వ్యాను నడుపుతున్నది సన్నాయి వాయించే ఆయనే. ఆయన కూత మొదలుపెట్టాడు. కానిస్టేబుళ్ళు ఒకళ్ళ తరవాత ఒకళ్ళు వెళ్ళి టీ తాగొచ్చారు, కూత మాత్రం తెగలేదు. బుగ్గల్లో ఇంకో ఊపిరి దాచుకునే విద్య వాళ్ళది. చివరికి సి.ఐ. స్వయంగా వెళ్ళి, “చాలు గురువుగారూ, ధ్రువీకరించాం,” అని బతిమాలుకోవలసి వచ్చింది. ఆయన వెనకాల మునిసిపల్ కౌన్సిలరు ఒకాయన. మైకు ముందు ఊపిరి తీసుకోకుండా మాట్లాడటంలో పేరున్న మనిషి. ఆయన కబడ్డీ అనడం కూడా మానేసి వార్డు అభివృద్ధి గురించి చెప్తూ వెళ్ళాడు, చెప్తూనే వచ్చాడు.

ఆ రాత్రి కేసు పడింది ఒక్కరి మీదే. రిటైర్డు పోస్టుమాస్టరు ఆదినారాయణ గారు. ఆయనకి ఉబ్బసం. మోపెడ్ దిగి “కబ...” అన్నారు, అక్కడే కూర్చుండిపోయారు.

“నేను జన్మలో మందు ముట్టలేదు నాయనా,” అన్నారు దగ్గు ఆగాక.

“నిజమే మాస్టారూ. కానీ గడిలో మమ్మల్ని కూడా ముట్టలేదు కదా,” అన్నాడు కానిస్టేబులు నొచ్చుకుంటూ, చలానా రాస్తూ.

ఇలాంటిది ఊళ్ళో పాకడానికి ఎంతసేపు? మర్నాటి నుంచీ పార్కులో తెల్లారకుండానే జనం. ఎన్నడూ వాకింగుకి రానివాళ్ళు వరసగా నిలబడి ఊపిరి బిగబట్టడం నేర్చుకుంటున్నారు. బ్రాందీ షాపు యజమాని షాపు పక్కనే షామియానా వేసి కూత శిక్షణా కేంద్రం తెరిచాడు. సరుకు కొన్నవాళ్ళకి శిక్షణ ఉచితం. ప్రారంభోత్సవానికి కామేశం వెళ్ళి, గ్రామీణ క్రీడకి ఇంత ఆదరణ తన కళ్ళారా చూస్తాననుకోలేదని కంటతడి పెట్టుకున్నాడు. అవి ఆనందబాష్పాలని పేపర్లో ఫొటో కింద వేశారు.

నెల తిరిగేసరికి సి.ఐ. వీర్రాజు కమిటీకి నివేదిక చదివాడు. “మద్యం సేవించి వాహనం నడిపిన కేసులు శూన్యం. అయితే మద్యం సేవించకుండా వాహనం నడుపుతూ పట్టుబడుతున్నవారి సంఖ్య మాత్రం ఆందోళన కలిగిస్తోంది.”

పట్టుబడుతున్నది ఉబ్బసం ఉన్నవాళ్ళు, ముసలివాళ్ళు, చంకలో పిల్లతో స్కూటరెక్కిన తల్లులు, పదిమందిలో కబడ్డీ అనడానికి సిగ్గుపడే గుమాస్తాలు.

మార్తాండరావు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. “సేవించినవారు నిస్సంకోచంగా కూత పెడుతున్నారు. సేవించనివారు సంకోచిస్తున్నారు. సంకోచం వాహన చోదనకు ప్రమాదకరం. సేవించనివారిలో ఆత్మవిశ్వాసం పెంపొందించే మార్గాలపై ఉపసంఘం వేద్దాం.”

“వాళ్ళకి కూడా కాస్త పోయిస్తే సరి,” అంది తవిటమ్మ గుమ్మం దగ్గర్నుంచి.

ఆవిడ ఎగతాళి చేసింది. గుమాస్తా అది సూచన అనుకుని రాసుకున్నాడు.

బంగారమ్మ ఇల్లు బడి వెనక సందులో. అరుగు మీద నులకమంచం, మంచం మీద కట్టు కట్టిన కాలు, కాలు కింద తలగడ. తవిటమ్మ వెళ్ళేసరికి ఆవిడ పడుకునే ఉల్లిపాయలు తరుగుతోంది. కోడలు వేయించి బడి గేటు దగ్గర బుట్టలో అమ్ముతోంది.

“ఏటి టీచరమ్మా, ఆడొచ్చేడా?” అంది చూడగానే. రోజూ అదే ప్రశ్న.

“రాలేదు.”

“నానేటి అడిగేను? డబ్బులిమ్మన్నానా? నా గుమ్మంలోకొచ్చి, నా మొకం సూసి, తప్పయిపోనాదని సెప్పమన్నాను. ఇంక తాగి బండెక్కనని సెప్పమన్నాను. మా ఊరి గుంటడే కదా. సిన్నప్పుడు నా బండి కాడ ఎన్ని పకోడీలు తిన్నాడు.”

“చెప్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని రానివ్వట్లేదంట.”

“ఒప్పుకుంటే ఏటైపోద్ది?”

“కమిటీ అయిపోద్ది.”

బంగారమ్మ నవ్వింది. నవ్వితే కాలు కదిలి నొప్పెట్టింది. “నవ్వించకమ్మా,” అని మళ్ళీ నవ్వింది. తలగడ సర్దుకుని అడిగింది, “ఆడగుంటలు ఆటకి వొత్తన్నారా?”

“లేదు. మైదానంలో మేకలు మేస్తున్నాయి.”

“మరి నా బండెందుకిరిగినట్టు,” అంది బంగారమ్మ. మళ్ళీ ఉల్లిపాయలు అందుకుంది.

తవిటమ్మ అక్కణ్ణించి తిన్నగా గౌరీశు ఇంటికి వెళ్ళింది. ఇంటి ముందు కొత్త ఫ్లెక్సీ: “ఊపిరి మన ఊరి ఆస్తి”. వాణ్ణి ఈ విధానానికి ప్రచారకర్త చేశారు. రిపేరు చేయించిన కారు గుమ్మంలో ఉంది. గౌరీశు లోపల ఫ్యాను కింద నేల మీద పడుకుని పైకి చూస్తున్నాడు. టీచర్ని చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకున్నాడు.

“చెయ్యి తియ్యి. వాసన గేటు దగ్గరికే వచ్చింది,” అంది తవిటమ్మ.

“నేను ఆ రోజే తాగేనని చెప్పేను టీచర్. వినలేదు. రెండుసార్లు స్టేషనుకి వెళ్ళేను, కేసు రాయమని. సి.ఐ. గారు కూల్ డ్రింకు తెప్పించి, ఫొటో దిగి పంపించేసేరు. బంగారమ్మ పిన్నమ్మ ఇంటికి బయల్దేరితే కామేశం గారు దారిలోనే ఆపేసేరు. నువ్వు సారీ చెప్తే దేశానికి చెడ్డపేరన్నారు.”

“దేశం సంగతి తరవాత. నిన్న తాగి కారు తోలేవా లేదా?”

గౌరీశు నేల చూశాడు. “తోలేను. గడి కాడ దిగి కూత పెట్టేను. చప్పట్లు కొట్టేరు.”

తవిటమ్మకి వాణ్ణి కొట్టాలనిపించింది. మైదానంలో అయితే చుట్టూ పరిగెత్తించేది. “నీకు ఆ ఊపిరి నేనిచ్చేన్రా. దానితో ఏం చేస్తున్నావో ఒకసారి చూసుకో,” అని వచ్చేసింది.

ఇంతలో ఊరికి మహా గౌరవం వచ్చిపడింది. కొత్తగెడ్డ పద్ధతి చూడటానికి రాజధాని నుంచి పై అధికారి వస్తున్నారు. నచ్చితే రాష్ట్రమంతా గడులు గీస్తారట. బడి గేటు ముందే సాయంత్రం ప్రదర్శన. వేదిక, కుర్చీలు, కొత్త సున్నం. ఊళ్ళో పేరున్న తాగుబోతులకి ఆహ్వానాలు వెళ్ళాయి. ముగింపుగా గౌరీశు కూత.

ఒకటే చిక్కు. పై అధికారి బందోబస్తుకి కానిస్టేబుళ్ళందరూ వెళ్ళిపోయారు. గడిలో నిలబడేవాళ్ళు లేరు. సి.ఐ. వీర్రాజు తల పట్టుకున్నాడు. అప్పుడు తవిటమ్మ ఆయన ముందుకి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది.

“మీ నియమావళిలో నిఘా సిబ్బంది లేదా సహకరించు పౌరులు అని ఉంది కదండీ. నా జట్టు సహకరిస్తుంది.”

“ఆడపిల్లలా?”

“పౌరులే సార్. మీ నివేదికలో జనం ముందుకొచ్చి సహకరించారని రాసుకోవచ్చు.”

సి.ఐ. మొహం వెలిగింది. నివేదికకి పనికొచ్చే మాట ఏదైనా ఆయనకి అందంగా వినిపిస్తుంది.

తవిటమ్మ మళ్ళీ ఇంటింటికీ వెళ్ళింది. జట్టు కెప్టెన్ నూకరత్నం తండ్రి ఆటో నడుపుతాడు. ఆయన ఆటో తుడుస్తూ విన్నాడు.

“రోడ్డు దాటడానికే పంపనంటే రోడ్డు మీదే ఆడమంటారేటి టీచరమ్మా? తాగినోళ్ళతోటా?”

“పిల్లలు ఎవర్నీ ముట్టుకోరు. వాళ్ళకి దొరక్కుండా తప్పుకుంటారంతే. బళ్ళన్నీ ఆపేసి ఉంటాయి. మీరూ రండి, గీత పక్కనే నిలబడండి. ఒక్క సాయంత్రం.”

“నానెల్తాను నాన్నా,” అంది నూకరత్నం లోపల్నుంచి. అప్పటికే బూట్లు కట్టుకుంటోంది.

ప్రదర్శన నాడు పై అధికారి వేదిక మీద కూర్చున్నారు. పిల్లలు నీలం బనీన్లు వేసుకుని గడిలోకి దిగారు. తల్లిదండ్రులు గీత పొడుగునా నిలబడ్డారు. బంగారమ్మని మంచంతో సహా మోసుకొచ్చి, బండి ఉండే చోట దించారు. ఆవిడే తెమ్మంది.

మొదట బియ్యం మిల్లు యజమాని. నెల రోజుల సాధన మీద ధీమాగా దిగాడు. కబడ్డీ కబడ్డీ అంటూ చెయ్యి చాచాడు. చాచిన చోట పిల్ల లేదు. ఇటు తిరిగాడు. ఇటూ లేదు. కానిస్టేబుళ్ళకి అలవాటైన మనిషి, పిల్లలు ఎందుకు కదులుతున్నారో ఆయనకి అర్థం కాలేదు. గడి మధ్యలో నిలబడి, “ఒక్కచోట నిలబడండే,” అన్నాడు. కూత తెగింది.

“అవుట్,” అంది నూకరత్నం.

సన్నాయి ఆయనకి ఊపిరి ఉంది, కాళ్ళు లేవు. గడిలో గుండ్రంగా తిరిగి తిరిగి, ఎటునుంచి వచ్చాడో మరిచిపోయి, అవతలి గీత దాటి చెరకు రసం కొట్టులోకి వెళ్ళిపోయాడు. కౌన్సిలరు గారు వార్డు అభివృద్ధి సగంలో ఉండగా ఒక తల్లి, “మా వీధి లైటు ఎప్పుడేయిస్తారు?” అని అడిగింది. ఆయన కూత అక్కడికక్కడే ఆగిపోయింది. జనం పడీపడీ నవ్వారు. పై అధికారి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. దిగినవాళ్ళు దిగినట్టే అవుటయ్యారు. కేసులు రాయడానికి పెన్ను పట్టుకున్న గుమాస్తా, ఇంతమంది పెద్దవాళ్ళ పేర్లు రాయాలా అన్నట్టు మార్తాండరావు గారి వైపు చూశాడు. ఆయన ఆకాశం వైపు చూశారు.

“ఇప్పుడు చూడండి,” అన్నాడు కామేశం మైకులో. “అసలైన ఊపిరి.”

గౌరీశు కారు తోలుకుంటూ వచ్చి దిగాడు. ప్రదర్శన సహజంగా ఉండాలని గెస్టు హౌసులో వాడికి మళ్ళీ పోశారు. గడి దగ్గరికి వచ్చి, ఎదురుగా ఎవరున్నారో చూసి ఆగిపోయాడు. బడి సెలవుల్లో వాడే వాళ్ళకి కాలు విడిపించుకోవడం నేర్పాడు. తలొంచుకుని గీతకి దణ్ణం పెట్టాడు. కూత మొదలైంది.

ఎంత తాగినా ఆ కూత కూతే. సన్నగా, తెగకుండా, తీగలా సాగింది. జనం నవ్వడం మానేశారు. పిల్లలు చేతులు కలిపి గొలుసు కట్టారు. వాడు ఎడమకి ఒరిగి కుడికి దూకాడు, చివరి పిల్ల భుజం ముట్టుకున్నాడు, వెనక్కి తిరిగాడు. అప్పుడు నూకరత్నం, ఎవర్నీ ముట్టుకోవద్దన్న టీచరు మాట పక్కన పెట్టి, నేల మీదికి జారి వాడి చీలమండ రెండు చేతులా పట్టుకుంది. గౌరీశు బోర్లా పడ్డాడు. చెయ్యి చాచాడు. నడిమి గీత జానెడు దూరం. కూత సాగుతూనే ఉంది.

గీతకి అవతల, వాడి కళ్ళకి ఎదురుగా, నులకమంచం. మంచం మీద కట్టు కట్టిన కాలు.

కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ. ఆగిపోయింది.

వాడి డొక్కల్లో ఊపిరి ఇంకా ఉంది. ఆ సంగతి అక్కడ ఒక్క తవిటమ్మకే తెలుసు. ఇచ్చింది ఆవిడే గనక. తెగింది కాదు, వాడే ఆపాడు.

“అవుట్ టీచర్,” అన్నాడు గౌరీశు.

లేచి, మట్టి దులుపుకోకుండా మంచం దగ్గరికి వెళ్ళి, కింద కూర్చున్నాడు. “తప్పయిపోయింది పిన్నమ్మా. తాగి తోలేను. ఇప్పుడు కూడా తాగే వచ్చేను.”

బంగారమ్మ వాడి మొహం చాలాసేపు చూసింది. “తాళమేదిరా?” అంది. ఇచ్చాడు. ఆవిడ కొంగున ముడేసుకుంది. “ఇంక నడిసెల్లు. కాలున్నోడివి కదా.”

నూకరత్నం తండ్రి పక్కకి తిరిగి ముక్కు చీదుకున్నాడు.

ఇప్పుడైనా సి.ఐ. మిషను తీసి ఆ కుర్రాడి నోటి ముందు పెడితే పోయేది. పెట్టలేదు. “అవుటైన ప్రచారకర్త విషయంలో నియమావళి మౌనంగా ఉంది,” అన్నాడు. మార్తాండరావు గారు కళ్ళజోడు తీశారు. “స్వచ్ఛందంగా కూత విరమించడం అరుదైన క్రీడాస్ఫూర్తి. సత్కరించాలి,” అన్నారు. కామేశం సంచీలోంచి శాలువా తీశాడు. అతని సంచీలో శాలువా ఎప్పుడూ ఉంటుంది. నేల మీద కూర్చుని ఏడుస్తున్న కుర్రాడి మీద శాలువా కప్పి, అతనూ మార్తాండరావు గారూ చెరోపక్కా నిలబడి ఫొటోకి తిరిగారు.

తవిటమ్మ వచ్చి ఆ శాలువా లాగి కామేశం చేతిలో పెట్టింది. మైకు అందుకుంది.

“సార్లూ, చాలు. ఇంక మా మాట వినండి. నమోదు చెయ్యక్కర్లేదు, చెయ్యండి. ఆ మిషను తియ్యండి. ఇప్పుడే, ఇక్కడే వీడి చేత ఊదించండి. వచ్చిన అంకె రాసి కోర్టుకి పంపండి. లైసెన్సు తీసెయ్యమని రాయండి. వీడి తరవాత ఇందాక అవుటైనవాళ్ళందరి చేతా ఊదించండి. వీడికి గ్లాసు నింపినవాళ్ళు, తాళం ఇచ్చినవాళ్ళు ఎవరో వీణ్ణే అడగండి, చెప్తాడు, వాళ్ళ పేర్లు కూడా రాయండి. వేదిక మీదున్నా రాయండి. పోస్టుమాస్టరు గారి డబ్బు వాపసు ఇచ్చి, ఆయన ఇంటికెళ్ళి క్షమాపణ చెప్పండి. బంగారమ్మ బండి గౌరీశు, కాంట్రాక్టరు కలిసి చేయించాలి, అదిగో ఆ చోటనే నిలబెట్టాలి. ఆటలో అవుటైనవాడు కాసేపు బయట కూర్చుని మళ్ళీ లోపలికి వస్తాడు. రోడ్డు మీద అవుటైనవాడు రాడు. ఇది మీకు చెప్పడానికి కమిటీ అక్కర్లేదు. నా పిల్లలు రేపు సాయంత్రం ఈ గేటు దాటి ఆటకి రావాలి. ఈ సున్నం గీతలు ఈ రోడ్డు మీద ఉండగా రారు. గీతలు మీరు గీయించారు, మీరే కడగండి. బక్కెట్లు బడిలో ఉన్నాయి. లెగండి.”